చిరుత కాపలా

ఆ వానాకాలం మా ఇంట్లో నలుగురం ఉన్నామని మా ఆయన అనేవాడు. తను, నేను, మా అమ్మాయి, ఒక ఎలుగుబంటి. నలుగురిలోనూ వేళకి తిండి దొరికేది ఎలుగుబంటికే అని కూడా అనేవాడు. నవ్వడానికన్న మాట కాదు. తలుపుకి అవతలున్న దానికి తగలాలని గొంతు పెంచి మరీ అనేవాడు.

మా అమ్మాయికి ఇరవై మూడేళ్లు. సన్నగా ఉంటుందని చిన్నప్పటినుంచీ పిచ్చుక అనే పిలుస్తాం. రక్తపరీక్షల ల్యాబులో పని. వానలు మొదలైన వారంలోనే అక్కడ ఇద్దరు మనుషుల రక్తం ట్యూబుల మీద చీటీలు తారుమారయ్యాయి. జబ్బు లేని ఒక పెద్దాయన పది రోజులు అక్కర్లేని మందులు మింగి, ఒళ్లంతా పొంగి ఆస్పత్రిలో పడ్డాడు. ఆయన కొడుకులు ల్యాబుకొచ్చి పదిమంది ముందు మా పిల్లని నిలబెట్టి తిట్టారు. ఒకడు ఫోన్లో వీడియో కూడా తీశాడు. పిచ్చుక ఆరోజు ఇంటికొచ్చి గది తలుపేసుకుంది. మళ్లీ గుమ్మం దాటలేదు.

నా సంగతి చెప్పక్కర్లేదు. తలుపు చప్పుడైతే పోలీసులనుకునేదాన్ని. ఫోన్ మోగితే ఆ పెద్దాయన పోయాడనుకునేదాన్ని. మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. పావుగంట ఆలస్యమైతే తాడు తెగి కింద పడ్డాడనుకునేదాన్ని. హోటళ్ల దుప్పట్లు ఇస్త్రీ చేసే లాండ్రీలో నా పని. ఉదయం షిఫ్టు. వేడి పలకల మధ్యకి దుప్పటి తోస్తూనే ఆ పిల్ల ఇంట్లో ఒక్కతే ఏం చేసుకుంటుందోనని భయపడేదాన్ని. మధ్యాహ్నం రెండున్నరకి పరుగున వచ్చి ముందు దాని తలుపుకి చెవి ఆనించేదాన్ని. లోపల్నుంచి కీబోర్డు టకటకలు వినిపిస్తే ప్రాణం కుదుటపడేది. మరుక్షణం ఒళ్లు మండేది.

ఆ గదిలో అది చేసేది ఒక్కటే, ఆట. కంప్యూటర్లో వేలమంది కలిసి ఆడే ఆట. ఒక్కొక్కరూ ఒక్కో వేషం కట్టుకుంటారు. కొందరు కత్తులు తిప్పేవాళ్లు, కొందరు గాయాలు మాన్పే వైద్యులు. మా పిల్లది వేటగత్తె వేషం. విల్లు పట్టుకుని, పక్కన ఒక ఎలుగుబంటిని వేసుకుని కొండలూ గుట్టలూ తిరుగుతుంది. దాని పేరు ముసలోడు. నాలుగేళ్ల కిందట ఆట మొదలెట్టిన రోజున పట్టిందట. అప్పటినుంచీ దానికి చేపలు పెట్టడం, దెబ్బలకి కట్లు కట్టడం. కన్నతల్లి గ్లాసుడు నీళ్లడిగితే మాత్రం, “ఉండు, ముసలోడు చచ్చేలా ఉన్నాడు.”

“నేను చస్తే నీకు తెలుస్తుందా?” అని అడిగాను ఒకరోజు.

“నువ్వు చెప్పకుండా చావవు కదమ్మా,” అంది.

అలా ఉండేవి మా మాటలు.

ఆ నెల్లోనే ఉత్తరం వచ్చింది. ల్యాబు పనివాళ్లకి లైసెన్సులిచ్చే ఆఫీసు నుంచి. ఫలానా తారీఖు ఉదయం పదకొండు గంటలకి విచారణ. రాకపోతే లైసెన్సు రద్దు. అంటే ఇక ఏ ల్యాబూ దాన్ని గడప తొక్కనివ్వదు. నేను కూడబలుక్కుని రెండుసార్లు చదివి తలుపు కింద నుంచి లోపలికి తోశాను. అది అలాగే బయటికి తిరిగొచ్చింది.

“వెళ్లను,” అంది లోపల్నుంచి.

“వెళ్లి తప్పయిందని చెప్పవే. పెద్దవాళ్లు. కాళ్లు పట్టుకుంటే పోయేదేముంది?”

“నువ్వెళ్లి పట్టుకో.”

మర్నాడు మా ఆయన ఇంటర్నెట్ వైరు పీకి, తన పనిముట్ల సంచీలో వేసుకుని డ్యూటీకెళ్లిపోయాడు. నేను వచ్చేసరికి పిచ్చుక మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పిలిస్తే పలకలేదు. కదిపితే కదల్లేదు. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి.  సాయంత్రం ఆయన గుమ్మంలో చెప్పులిప్పుతుండగానే సంచీ లాక్కుని వైరు బయటికి తీశాను.

“నువ్వే దాన్ని పాడు చేస్తున్నావు,” అన్నాడు.

“పాడైనా ఫరవాలేదు. ఉంటే చాలు.”

“ఇద్దరూ ఆ ఎలుగ్గొడ్డు దగ్గరే ఉండండి మరి,” అని స్నానానికెళ్లి బాల్చీ నేలకేసి కొట్టాడు. వారం రోజులు నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. గిన్నెలే మాట్లాడుకున్నాయి.

నేను దాని పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం అప్పుడే మొదలుపెట్టాను. కాపలాకే కూర్చున్నాను, ప్రేమకేం కాదు. అది “బయటికి ఫో” అనేది, నేను కదిలేదాన్ని కాదు. నాలుగో రోజుకి విసిగి అనడం మానేసింది.

ఆట చూస్తుంటే నాకు నచ్చని సంగతొకటి కనిపించింది. పంది వచ్చినా, బందిపోటు వచ్చినా, ముందుకెళ్లేది ముసలోడే. మీద పడి కొట్టేదాన్ని, దెబ్బలు తింటూనే, పట్టి ఉంచుతాడు. మా పిల్ల నలభై అడుగుల వెనక నిలబడి, జుట్టు కూడా చెదరకుండా బాణాలేస్తుంది.

“సిగ్గులేదా నీకు?” అన్నాను. “తన్నులు దానికీ, పేరు నీకూనా?”

“ఈ వేషం ఆడే పద్ధతే అది.”

“బాగుంది పద్ధతి. ల్యాబులో కూడా ఇలాగే ఎవర్నో ముందుకి తోసుంటావు.”

ఆ మాట నా నోట్లోంచి ఎందుకొచ్చిందో తెలీదు. దాని చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. స్క్రీన్ మీద ముసలోణ్ణి నాలుగు తోడేళ్లు చుట్టుముట్టి పీకుతున్నాయి.

“తోశారు,” అంది. “నన్నే.”

“ఎవరు?”

“మా ఇన్‌ఛార్జి సారు. మనిషి కుర్చీలోంచి లేవకముందే ట్యూబు మీద చీటీ అంటించాలమ్మా. అది రూలు. ఆరోజు జనం ఎక్కువున్నారని, ముందు అందరి రక్తం తీసెయ్, చీటీలు తర్వాత ఒకేసారి అంటిద్దువు అన్నాడు. రెండుసార్లు కుదరదన్నాను. మూడోసారి అరిచాడు. తీశాను. వాళ్ల కొడుకులు వచ్చి అరుస్తున్నప్పుడు లోపలి గదిలో అద్దం వెనక నిలబడి చూస్తున్నాడు.”

“మరి చెప్పలేదేం?”

“నోరు మూసుకుని తప్పు ఒప్పుకుంటే, రెండు నెలలాగి వేరే బ్రాంచిలో తీసుకుంటానన్నాడు. నేను ఒప్పుకున్నాను. ఇప్పుడు నన్ను చూసి నాకే అసహ్యంగా ఉంది. చాలా? లే ఇక.”

నేను లేచాను. వంటింట్లోకెళ్లి కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను. తప్పయిందని కాళ్లు పట్టుకోమన్నది నేనే కదా.

విచారణకి ఐదు రోజులుందనగా అదే నన్ను పిలిచింది.

“నేనెళ్తాను. కానీ ఒక షరతు. నేను లేనప్పుడు నువ్వు ఇక్కడ కూర్చోవాలి.”

సంగతేమిటంటే, ఆటలోనూ అప్పుడు వానలే. ఆ వానలు పడే నాలుగు వారాల్లోనే ఒక వాగు ఒడ్డున బూడిదరంగు చిరుత కనబడుతుంది. ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. మూడు రోజులకి రావచ్చు, ఆరు రోజులకి రావచ్చు. వస్తే ఐదారు నిమిషాలుంటుంది, అంతే. ముందు ఎవరు చెయ్యి చాపితే వాళ్లది. దేశదేశాల వేటగాళ్లు అక్కడ వంతులేసుకుని కూర్చుంటారు. నల్లఈక అనేవాడొకడు మా పిల్లని రెండు వారాలుగా ఏడిపిస్తున్నాడు. కిందటిసారి చిరుత వచ్చినప్పుడు దీన్ని మాటల్లో పెట్టి తన్నుకుపోయి, వేరెవరికో ఇచ్చేశాడు.

“ఎందుకే నీకు ఆ చిరుత?” అన్నాను. “ఉన్నది చాలదూ?”

“ఈ సంవత్సరం ఒక్క పనైనా మొదట్నుంచి చివరిదాకా సరిగ్గా చెయ్యాలని ఉంది. అర్థమైతే కూర్చో. లేకపోతే మానెయ్, నేనూ మానేస్తా.”

కూర్చోక చస్తానా? ఆ ఐదు రోజులూ మధ్యాహ్నాలు నాకు పాఠాలు. మౌస్ ఎటు తోస్తే ఎటు పోతుందో తెలిసేది కాదు. వాగులో పడ్డాను. చెట్టుకి గుద్దుకున్నాను. ఒకసారి నల్లఈక ఎదురుగా ముసలోణ్ణి పట్టుకుని గిరగిరా తిరిగాను. వాడేదో రాశాడు.

“ఏమంటున్నాడు?”

“తాగి ఆడుతున్నావా అంటున్నాడు.”

“వాడి మొహం. ఆడేది మా అమ్మ అని రాయి.”

“రాస్తే ఇంకా తిడతాడు. ఇటు చూడు. చిరుత కనిపిస్తే నువ్వేం చెయ్యకు. వెంటనే నాకు ఫోన్ చెయ్యి. ఆఫీసు పక్క వీధిలోనే ఇంటర్నెట్ సెంటరుంది. మూడు నిమిషాల్లో వెళ్లి పట్టేస్తా.”

“విచారణ మధ్యలోనా?”

“ఎక్కడున్నా సరే. ఫోన్ చెయ్యాలి. ఒట్టెయ్యి.”

దాని చేతిలో చెయ్యేశాను. పట్టడం ఎలాగో కూడా అడిగాను, ఊరికే తెలుసుకుందామని. పక్కనున్న జంతువుని ముందు పంపెయ్యాలట, ఒకేసారి రెండుండకూడదు. తర్వాత చిరుత ఎదురుగా నిలబడి, ఫలానా మీట నొక్కిపట్టి, ఇరవై లెక్కపెట్టేదాకా వదలకూడదు, కదలకూడదు. ఆ ఇరవైసేపూ అది మనల్ని చీరుతూనే ఉంటుంది. తిరిగి కొడితే పోయింది. తట్టుకుని నిలబడితే మనదవుతుంది.

విచారణ రోజు సెలవు పెట్టాను. పొద్దున్న పిచ్చుక రెండు నెలల తర్వాత తల దువ్వుకుంది. గుమ్మం దగ్గర బూట్లలో కాళ్లు పెట్టి అయిదు నిమిషాలు అలాగే నిలబడింది. తిరిగి లోపలికొస్తుందేమోనని నేను గది తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. మా ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని, “పద, నేనూ అటే వెళ్తున్నా,” అన్నాడు. ఆయన పని ఊరికి అవతలివైపు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

వాళ్లు వెళ్లాక కంప్యూటర్ ముందు కూర్చున్నాను. వాగు. గడ్డి. వాన. ముసలోడు మధ్యమధ్య ఒళ్లు దులుపుకుంటున్నాడు. నల్లఈక లేడు, ఒడ్డున ఇంకెవరూ లేరు. పదకొండయింది. బస్సుకి ఏమైనా అయిందేమో, అక్కడ ఆ పెద్దాయన కొడుకులుంటారేమో, మళ్లీ తిడితే ఇది మేడమీదనుంచి... అని నేను అనుకుంటూ ఉండగా, పదకొండూ పదిహేనుకి, గడ్డి చీలి అది బయటికొచ్చింది.

బూడిదరంగు చిరుత. వాగు దగ్గరికొచ్చి నీళ్లు తాగుతోంది.

ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. పేరు మీద వేలు కూడా పెట్టాను. ఈ ఒక్క ఫోన్ చేస్తే అది లేచి పరుగెత్తుకొచ్చేస్తుంది. నేను చెయ్యాలనే ఎదురుచూస్తూ ఉంటుంది. ఇంతకంటే మంచి సాకు దానికి మళ్లీ దొరకదు. చెయ్యకపోతే, చేతిలో చెయ్యేసి చెప్పిన మాట తప్పినదాన్నవుతాను.

ఫోన్ బల్ల మీద పెట్టేశాను.

సరే, నేనే పడతాననుకున్నాను. ముసలోణ్ణి ముందు పంపెయ్యాలి కదా. ఎలా పంపాలో అది చూపించలేదు. వాడి బొమ్మ మీద నొక్కితే నాలుగు వరుసలొచ్చాయి. మూడోదో నాలుగోదో, పంపించు అన్నట్టుగా ఉన్న దాన్ని నొక్కాను. స్క్రీన్ మధ్యలో ఒక పెట్టె వచ్చి ఏదో అడిగింది. మా లాండ్రీ యంత్రమూ అంతే, దుప్పటి పెట్టిన ప్రతిసారీ పెట్టె చూపించి అడుగుతుంది, సరే అని నొక్కకపోతే పలక కిందికి దిగదు. రోజుకి నాలుగు వందలసార్లు నొక్కే చెయ్యి. చదవకుండానే నొక్కేశాను. ముసలోడు నాలుగడుగులు నడిచి గడ్డిలో మాయమయ్యాడు.

పోనీలే, ఇంటికెళ్లాడనుకున్నాను. చిరుత ఎదురుగా నిలబడి మీట నొక్కిపట్టాను. అది దూకింది.

ఒకటి, రెండు, మూడు. ఆ వేటగత్తెకి మా పిల్ల తన మొహమే పెట్టుకుంది, సన్నటి గడ్డం, జడ. దాని మీదెక్కి ఆ చిరుత చీరుతోంది. పైన ఎర్ర గీత తరిగిపోతోంది. నాలుగు, అయిదు. ఫోన్ మోగింది. పిచ్చుక.

మీట వదిలేసి ఎత్తాను.

“అమ్మా, వచ్చిందా?”

“రాలేదు.”

“నిజంగానా?”

“రాలేదే. గడ్డీ వానా తప్ప ఇక్కడేం లేదు.”

“ఇంకా పిలవలేదమ్మా. ఇన్‌ఛార్జి సారు వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. లోపలికెళ్లే పనే లేదు, తప్పంతా నాదేనని ఈ కాగితం మీద సంతకం పెట్టి ఇంటికెళ్లిపో, మిగతాది నేను చూసుకుంటానంటున్నాడు. పెట్టేసి వచ్చెయ్యనా?”

లెక్క ఎప్పుడో తప్పింది. అంతకుముందు నన్ను ఎవరడిగినా పెట్టేసి వచ్చెయ్యమనేదాన్ని. పెద్దవాళ్లతో మనకెందుకనే నా బతుకంతా వెళ్లదీశాను. స్క్రీన్ మీద మా పిల్ల మోకాళ్ల మీదికొచ్చింది.

“పెట్టకు,” అన్నాను. “పిలిచేదాకా కూర్చో.”

“నాకు భయంగా ఉందమ్మా.”

“ఉండనీ. కూర్చో. ఇక్కడ ఏం కాలేదు, నేను చూస్తూనే ఉన్నా.”

 అవతల ఎవరో దాని పూర్తి పేరు పిలిచారు. ఫోన్ ఆగిపోయింది. నేను తలెత్తేసరికి వేటగత్తె నీళ్లలో బోర్లా పడి ఉంది. ఇంకో నిమిషానికి నల్లఈక ఎక్కడినుంచో వచ్చి, మా పిల్ల పక్కనే నిలబడి, తాపీగా ఇరవై లెక్కపెట్టుకుని, చిరుతని వెంటేసుకుని వెళ్లిపోయాడు. పోతూ పోతూ ఏదో రాశాడు. చదవలేదు.

మూడింటికి పిచ్చుక వచ్చింది. బట్టలు తడిసి, మొహం పాలిపోయి ఉంది. లోపల అంతా చెప్పేసిందట. చీటీలు ఎన్ని గంటలకి అచ్చయ్యాయో, ల్యాబు కంప్యూటర్లో ఉంటుంది చూడమందట. వాళ్లు అక్కడే తెప్పించి చూస్తే, అన్నీ చివర్లో ఒకేసారి, ఇన్‌ఛార్జి పేరు మీదే అచ్చయి ఉన్నాయట. ఇన్‌ఛార్జి మొహం చూడాల్సిందట. మూడు నెలలు వేరే ల్యాబులో పెద్దవాళ్ల కింద పని చెయ్యమన్నారు, లైసెన్సు పోలేదు. ఇదంతా గుమ్మంలో నిలబడి గుక్క తిప్పుకోకుండా చెప్పింది. నాకు దాన్ని పట్టుకోవాలనిపించింది. అది అప్పటికే గదిలోకి నడుస్తోంది.

కుర్చీలో కూర్చుని ముసలోణ్ణి పిలవడానికి ఈల మీట నొక్కింది. మళ్లీ నొక్కింది. మూడోసారి నొక్కాక నావైపు తిరిగింది.

“వీడేడీ?”

చెప్పాను. చిరుత సంగతి, పెట్టె సంగతి, అన్నీ చెప్పాను. పంపడం వేరట, వదిలెయ్యడం వేరట. వదిలేస్తే ఇక రాదట. నాకు తెలీదన్నాను. నిజంగానే తెలీదు. రెండు నెలలుగా ఆ జంతువు పీడ విరగడైపోతే బాగుండునని నేను తిట్టుకోని రోజు లేదన్నదీ నిజమే. ఆ మాట దానితో అనలేదు.

“నేను ఫోన్ చేసినప్పుడు...”

“అప్పుడే.”

“రాలేదన్నావు.”

“అన్నాను.”

అది అరుస్తుందనుకున్నాను. ఏదో ఒకటి విసురుతుందనుకున్నాను. హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద నెమ్మదిగా పెట్టింది.

“బయటికెళ్లు,” అంది.

ఆ తర్వాత వానలు తగ్గేదాకా నాతో ఒక్క మాట లేదు. పొద్దున్నే లేచి కొత్త ల్యాబుకెళ్లేది, సాయంత్రం వచ్చేది. ఏదైనా కావాలంటే, “నాన్నా, ఆవిణ్ణి ఉప్పు ఇటివ్వమను,” అనేది. నేను అక్కడే, చేతికందేంత దూరంలోనే ఉండేదాన్ని. ఆయన ఉప్పు అందిస్తూ, “ఆవిడ ఇచ్చింది,” అనేవాడు. ఆటలో పిచ్చుక ఒంటరిగానే తిరుగుతోంది. ఇంకో జంతువుని పట్టలేదు. మీదికొచ్చినవాటి దెబ్బలు తనే తింటోందని తలుపు సందులోంచి చూశాను. చాలాసార్లు చచ్చిపోయేది. మళ్లీ లేచి నడిచేది.

నేను చేసింది తప్పా ఒప్పా అని మా ఆయన్ని ఒకసారి అడిగాను.

“నన్నడిగితే?” అన్నాడు. “అది డ్యూటీకెళ్తోంది. నీతో మాట్లాడట్లేదు. రెండూ నీ పనే.”

వాన వెలిసిన మొదటి వారంలో ఒక పొద్దున్న నేను షిఫ్టుకి బయల్దేరుతున్నాను. పిచ్చుక గుమ్మంలో కూర్చుని బూట్లు తొడుక్కుంటోంది. తలెత్తకుండానే అడిగింది.

“వదిలేశాక ఎటెళ్లాడు?”

నన్నేనా అని అటూ ఇటూ చూశాను. ఇంట్లో ఇంకెవరూ లేరు.

“గడ్డిలోకి,” అన్నాను. “నాలుగడుగులు నడిచి.”

“వెనక్కి చూశాడా?”

చూశాడని చెప్పడం ఎంతసేపు? చెప్తే ఏడుస్తుంది, ఏడిస్తే దగ్గరికి తీసుకోవచ్చు. 

“లేదు,” అన్నాను. “చూడలేదు.”

అది బూటు లేసు గట్టిగా లాగి ముడేసింది.

“చూశాడని చెప్తావనుకున్నా,” అంది.

రెండో బూటు కూడా తొడుక్కుని, సంచీ భుజాన వేసుకుని, మెట్లు దిగి వెళ్లిపోయింది.